పనసచెక్క స్కీలు, అమ్మమ్మ నూనె

చచ్చిపోయిన జిరాక్స్ మిషన్ ఎక్కడ కనిపించినా ఇప్పటికీ నా చెయ్యి ఊరుకోదు. దాని కడుపులో, కాగితాన్ని లోపలికి లాక్కునే రోలర్ చివర, వేలి కణుపంత బేరింగు ఒకటి ఉంటుంది. ముందుకి తిప్పితే సాఫీగా తిరుగుతుంది. వెనక్కి తిప్పబోతే ససేమిరా కదలదు. శ్రీకాకుళంలో కోర్టు దగ్గర ఒక జిరాక్స్ కొట్టులో దాన్ని మొదటిసారి వేళ్ల మధ్య పెట్టి తిప్పినప్పుడు, చుట్టూ జనం ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా ఎగిరి గంతేశాను. పాడైన మిషను బాగుపడిందేమో అనుకుని కొట్టాయన ఆశగా తొంగిచూశాడు.

నాకు ఆ బేరింగు కావలసింది కాగితాలకి కాదు, కాళ్లకి. మంచు మీద జారడానికి వాడే స్కీలు టీవీలో అందరూ చూసే ఉంటారు. మంచు లేని కాలంలో సాధన చెయ్యడానికి వాటికి చక్రాల తమ్ముళ్లు ఉన్నాయి. వాటిని రోలర్ స్కీలంటారు. మూరన్నర పొడవు పట్టీ, దానికి ముందొక చక్రం, వెనకొక చక్రం, మధ్యలో బూటు కొసని పట్టుకునే బిగింపు, చేతుల్లో రెండు పొడవాటి కర్రలు. ఒక కాలితో వెనక్కి తన్నాలి, రెండో కాలి మీద ముందుకి జారాలి. తన్నినప్పుడు చక్రం వెనక్కి తిరిగిపోతే తన్ను గాలికి పోతుంది. అందుకే ఒక్క వైపే తిరిగే బేరింగు ఉండి తీరాలి. అసలు కిటుకంతా ఆ కణుపంత ఇనుములోనే ఉంది.

ఉక్కపోతకి పెట్టింది పేరైన మా ఊళ్లో ఈ పిచ్చి ఎవరికి పట్టిందంటే, మొదట మా మావకి. మావ అంటే మా అమ్మ తమ్ముడు. మిలిటరీలో చేరి, సగం ఉద్యోగం మంచుకొండల్లో, జవాన్లకి స్కీయింగ్ నేర్పుతూ గడిపాడు. రిటైరై అరసవల్లిలో అమ్మమ్మ ఇంటికి వచ్చేశాక మంచు గురించి ఎంత మురిపెంగా చెప్పేవాడంటే, అక్కడేదో రెండో సంసారం ఉందని అత్త కూడా ఏడిపించేది. నేను ఆ ఇంట్లోనే ఉండి, టౌన్లో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరుగా పనిచేస్తున్నాను.

ఆటల టీచరునే గానీ, ఆట నా నుంచి ఎప్పుడో పోయింది. కాలేజీ రోజుల్లో పరుగులో జిల్లా తరఫున ఆడాను. కుడి మోకాలు మెలితిరిగింది, ఆపరేషన్ అయింది, ఇక పరుగు మానెయ్యమని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఆ తరవాత మైదానంలో నా పని ఈల ఊదడం. పిల్లలు పరిగెడుతుంటే గట్టున నిలబడి ఈల ఊదడం ఎంత కంపరమో ఊదినవాళ్లకే తెలుస్తుంది. నాకు రోజూ ఏడుపొచ్చేది. ఏడుపు రాగానే కోపమొచ్చేది. ఆ కోపమంతా పాపం పిల్లల మీద పోయేది.

ఒకరోజు మావ ఫోనులో ఏదో చూసి, తింటున్న కంచం ముందు నుంచి లేచి వచ్చేశాడు.

"ఒసే గుంటా, డాక్టరు పరిగెట్టొద్దన్నాడు. జారొద్దన్నాడేటి?"

"లేదు. ఏం?"

"మరింకేటి! జారు!"

సంగతేమిటంటే, చలికాలంలో మంచుకొండల్లో కొత్తవాళ్లకి స్కీయింగ్ శిబిరం పెడుతున్నారు. బాగా చేసినవాళ్లని అక్కడే ఉంచుకుని పోటీలకి తయారుచేస్తారు. మన వైపు నుంచి రావాలనుకునేవాళ్లకి ఎంపిక విశాఖపట్నంలో. సొంత రోలర్ స్కీల మీద పది కిలోమీటర్లు, వాళ్లు పెట్టిన గడువులోగా పూర్తిచెయ్యాలి. వయసు పరిమితి చూస్తే నాకు ఈ ఏడాదే ఆఖరు. ఈసారి తప్పితే జన్మంతా ఈలే. అప్పటిదాకా ఫ్రిజ్‌లో తప్ప మంచుని చూసి ఎరగను. అయినా ఆ రాత్రి కంటి మీద కునుకు పడితే ఒట్టు.

పొద్దున్నే స్కీల వేట మొదలుపెట్టాం. విదేశీ జత ధర చూసి ఇద్దరం ఒకేసారి ఫోను బోర్లించేశాం. తరవాత సెకండ్ హ్యాండ్‌వి వెతికాం. ఒకాయన అమ్ముతానన్నాడు గానీ, ఫొటోలో ఒక్కటే ఉంది. రెండోదేదండీ అంటే పోయిందన్నాడు. ఒంటికాలి స్కీతో నేనేం చేసుకోను? అప్పుడు మావ తొడ చరిచాడు.

"ఏటుందే అందులో? పట్టీ, సక్రం, బిగింపు. మనమే సేసుకుందారి."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఇంట్లో చెయ్యలేనిది బిగింపొక్కటే. బూటు కొస దానికి అంటుకుని ఉండాలి, మడమ మాత్రం లేవాలి. మావతో పనిచేసిన ఒక పాత సైనికుడు కొండ ప్రాంతంలో ఉన్నాడు. తన పాత బూట్లు, బిగింపులు కలిపి పార్సిల్ చేశాడు. తీరా చూస్తే బూట్లు నా పాదానికి ఒక సైజు పెద్దవి. అమ్మమ్మ దీపం వత్తులు చేసుకునే దూది తీసి కొసల్లో కూరింది. పెళ్లికూతురికి పారాణి పెట్టినంత శ్రద్ధగా కూరింది.

ఇక చక్రాలు. పిల్లల స్కేటింగ్ బూట్ల చక్రాలు వేసి చూస్తే సన్నగా ఉండి, నిలబడితేనే కాలు పక్కకి ఒరిగిపోయింది. గోడౌన్లలో బస్తాలు లాగే తోపుడుబళ్ల కింద వెడల్పాటి రబ్బరు చక్రాలుంటాయి. అవి విజయనగరం హార్డువేరు కొట్లలో దొరికాయి. వాటిని గాజులు ఎంచుకున్నట్టు ఒక్కొక్కటీ తిప్పి చూసి ఎంచాను. లేత్ షాపులో నడిమి బెజ్జం పెద్దది చేయించి, వెనక చక్రాల్లో జిరాక్స్ బేరింగులు దిగ్గొట్టించాం. ఒక చక్రాన్ని చేతిలో పట్టుకుని ముందుకి తిప్పాను, వెనక్కి తిప్పాను. వెనక్కి తిరగలేదు! లేత్ మిషను రొదలో నేను అరిచిన అరుపు ఎవరికీ వినపడకపోవడం మంచిదైంది.

పట్టీల దగ్గర దెబ్బతిన్నాం. కిటికీలకి వాడే అల్యూమినియం సెక్షన్ వేస్తే మొదటి రోజే నా బరువుకి మెలితిరిగింది. "నీ బరువుకి కాదు, నీ కోపానికి" అన్నాడు మావ. పైగా రోడ్డు మీది ప్రతి గులకరాయీ మోకాల్లోకి సూదిలా దిగేది. పూర్వం స్కీలన్నీ చెక్కవే కదా, చెక్కతోనే చేద్దామన్నాడు. ఏ చెక్క? తేలిగ్గా ఉండాలి, విరక్కూడదు, వానకీ ఎండకీ వంకర పోకూడదు. ఉత్తరాంధ్రవాళ్లకి ఈ ప్రశ్న వేస్తే కాళ్లు వాటంతటవే బొబ్బిలి బస్సెక్కుతాయి.

బొబ్బిలి వీణలు చేసేది పనసచెక్కతో. ఒకే దుంగలోంచి మొత్తం వీణ తొలుస్తారు. అందుకని తొలవగా మిగిలిన ముక్కలు ఆ ఇళ్ల పెరళ్లలో పసుపుపచ్చగా మెరుస్తూ పడి ఉంటాయి. మావకి తెలిసిన వీణలాయన, మేం కాగితం మీద గీసుకెళ్లిన స్కీ బొమ్మ చూసి, గడ్డం గోక్కుని, "ఏటి బాబూ, దీనికి తీగలెక్కడ కడతారు?" అన్నాడు. కాళ్లకి కట్టుకుంటామని మావ చెప్పాడు. ఆయన నా కాళ్ల వంక చూశాడు, మళ్లీ బొమ్మ వంక చూశాడు. తరవాత ఇంటిల్లిపాదినీ పిలిచి మా బొమ్మ చూపించి, అందరూ కడుపుబ్బా నవ్వాక, బాగా ఆరిన రెండు ముక్కలు ఏరి ఇచ్చాడు. తిరుగు బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా అడిగితే బాగుణ్ణు, చెబుదామని చూశాను. ఒక్కరూ అడగలేదు.

కర్రలకి వెదురు. వాటి మొనలకి, గోడకి బెజ్జాలు వేసే డ్రిల్లు బిట్లు దిగ్గొట్టాం. చేతికి తగిలించుకునే పట్టీలు మావ మిలిటరీ సంచీ తోళ్లలోంచి వచ్చాయి. అన్నీ బిగించి, వీధిలో పెట్టి, బూట్లు తగిలించుకుని నిలబడ్డాను. ఒక్క తన్ను తన్నాను. జారాను!

ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు. పరుగు మానేసి అన్నేళ్లయ్యాక, మొహానికి మళ్లీ గాలి తగిలింది. బండి మీద వెళితే తగిలే గాలి వేరు, మన ఒంటి బలంతో మనం తెచ్చుకునే గాలి వేరు. వీధి చివర ఆగడం తెలియక ముళ్లకంపలోకి దూసుకుపోయి, అందులో పడి నవ్వుతూనే ఉన్నాను. మావ పరిగెత్తుకొచ్చి ముందు స్కీలు చూశాడు, తరవాత నన్ను చూశాడు. ఇద్దరం బాగానే ఉన్నాం.

రోజూ తెల్లారకుండా కళింగపట్నం రోడ్డు మీద సాధన. మావ వెనకాల మోపెడ్ మీద. రెండు చేతుల్లో కర్రలు పట్టుకుని ఆడమనిషి వస్తుంటే జనం ఏమనుకుంటారు? ప్రతి ఆటోవాడూ పక్కకి ఆపడమే. "అయ్యో, కాళ్లకేటైందమ్మా? ఎక్కు, దింపేస్తాను. డబ్బులొద్దులే." మొదట్లో మండిపడేదాన్ని. తరవాత ఆటో పక్కనే జారుతూ, కాసేపు దాన్ని దాటేసి, అప్పుడు జవాబు చెప్పేదాన్ని. రోడ్డు మీద మినప కంపలు నూర్పిడికి పరిచినచోట ఒక ముసలామె నన్ను ఆపి, "ఆ సక్రాలతోటి ఇటూ అటూ నాలుగు సార్లు తిరిగెల్లు తల్లీ" అంది. తిరిగాను. చక్రాల్లో పొట్టు ఇరుక్కుని మావ చేత చీవాట్లు తిన్నాను.

ఇంత సంబరంలోనూ ఒక భయం. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం నోరెత్తేవాళ్లం కాదు. మూడొంతుల దారి అయ్యేసరికి కుడి మోకాలు పొంగేది. తన్నిన ప్రతిసారీ లోపల ఏదో కీచుమనేది. ఆ చివరి వంతు నేను పళ్ల బిగువున లాగేదాన్ని, గడువు దాటిపోయేది. ఒక్కసారి కూడా పది కిలోమీటర్లు టైములో పూర్తి కాలేదు. మావ గడియారం చూసి జేబులో పెట్టుకుని, "ఇయ్యాల గాలి ఎదురు" అనేవాడు. ఆకు కదలని రోజు కూడా అదే మాట అనేవాడు. ఇంటికొచ్చి మోకాలి మీద ఐసు పెట్టుకుంటూ, ఇదేరా బాబూ నేను చూడబోయే మంచు అనుకునేదాన్ని.

ఎంపిక సోమవారం పొద్దున్న. ముందు రోజు ఆదివారం. ఆదివారం సూర్యుడి రోజు కాబట్టి, ఆయన గుడి ఉన్న అరసవల్లిలో ఇసకేస్తే రాలదు. అమ్మమ్మ స్నానం చేసి, మడిచీర కట్టి, స్కీలని సంచీలో పెట్టుకుని కూర్చుంది.

"ఎక్కడికి అమ్మమ్మా?"

"ఏటెక్కడికి? కొత్త బండికి పూజ సెయ్యించకండా రోడ్డెక్కిస్తారేటే? బుద్దుందా మీకు?"

బండి కాదని ఎంత చెప్పినా వినదు. చక్రాలున్నాయా లేదా అంటుంది. ఉన్నాయి, ఏం చెబుతాం? గుడి ముందు కొత్త మోటారుసైకిళ్లు, ఒక ఆటో, ఒక ట్రాక్టరు బారులు తీరి ఉన్నాయి. ట్రాక్టరు పక్కన మా పనసచెక్క స్కీలు. పూజారి గారు ఇదేం వాహనమని అడిగారు. "దాని బండండీ. సిన్నప్పటినుంచీ కాళ్లకి సక్రాలు కట్టుకుందని తిట్టీదాన్ని. నిజంగానే కట్టుకుంది" అంది అమ్మమ్మ. ఆయన నవ్వాపుకుని మంత్రం చదివారు. చక్రచక్రానికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. పైన కొబ్బరినీళ్లు. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ట్రాక్టరు తన నిమ్మకాయల్ని నలిపేసి దర్జాగా వెళ్లిపోయింది. నా చక్రం నిమ్మకాయ కన్నా కాస్తే పెద్దది. అది ఎక్కదు, నలగదు. మావ ఒక రెక్క, ఆటో యజమాని ఒక రెక్క పట్టుకుని నన్ను పైకెత్తి దబ్బున దించారు. నిమ్మకాయలు చితికి, రసం చక్రాల నిండా చిమ్మింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గూ, సంతోషమూ కలిసి చెవులు వేడెక్కిపోయాయి.

ఇంటికొచ్చి నేను బట్టలు సర్దుకుంటుంటే అమ్మమ్మే స్కీలు తుడిచి, తాతయ్య పొందూరు పంచెలో చుట్టి ఇచ్చింది. ఆ పంచె ఆవిడ ఎవరికీ ఇచ్చే రకం కాదు. కాళ్లకి దండం పెట్టి బస్సెక్కాం.

సోమవారం, విశాఖలో సముద్రం పక్కన రోడ్డు. వచ్చినవాళ్లంతా నాకన్నా చిన్నవాళ్లు. కొందరి కాళ్లకి తళతళలాడే విదేశీ స్కీలు. నా పంచె మూట విప్పగానే ఇద్దరు ముగ్గురు వచ్చి, పనసచెక్కని ముట్టుకుని చూశారు. నేను గొప్పగా నిలబడ్డాను. ఒళ్లు వేడెక్కించుకుందామని ఒక తన్ను తన్నాను. కాలు సర్రున వెనక్కి పోయింది. ముందుకి పడబోయి కర్ర మీద ఆగాను. రెండో కాలితో తన్నాను. అదీ అంతే. చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి!

మావ వంగి చక్రం వాసన చూశాడు. చూపుడు వేలితో గీకాడు. వేలికి ఎర్రగా, జిగటగా, లేహ్యంలాంటిది అంటుకుంది. అది నువ్వుల నూనె వాసన. మా ఇంట్లో దీపారాధన నూనె.

"అమ్మా!" అని అరిచాడు మావ, ఆవిడ అరసవల్లిలో ఉందన్న సంగతి మరిచిపోయి.

చక్రాలు బాగా తిరగాలని అమ్మమ్మ పూజయ్యాక నాలుగింటికీ నిండా నూనె పట్టించింది. ఆ నూనెలో పసుపూ, కుంకుమా, నిమ్మరసమూ కలిసి బేరింగు లోపలికి దిగి, అందులోని సన్నని కడ్డీలని అంటించేశాయి. వెనక్కి తిరగకుండా ఇరుసుని పట్టి ఆపేవి ఆ కడ్డీలే, ఇప్పుడు వాటి పట్టు పోయింది. విప్పి కడిగే టైము లేదు. పేర్లు పిలిచేస్తున్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగిపోయాయి. ఆవిడ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. జన్మంతా ఈల ఊదాల్సిందే అనుకున్నాను, పైకే అనేశాను.

మావ నా భుజాలు పట్టుకున్నాడు. జవాన్ల మీద అరిచే గొంతు అప్పుడు విన్నాను. "ఏడుపాపు! కాళ్లతోటి తన్నకు. కాళ్లు రెండూ జత సేసి నిలబడు. నడుం వొంచు. రెండు కర్రలూ ఒక్కసారే పొడు. పొడుచుకుంటూ ఎల్లిపో. మంచుమీద అలగ కూడా ఎల్తారు."

"పది కిలోమీటర్లు చేతులతోనా మావా?"

"సేతులున్నాయి కదే!"

వెళ్లాను. కర్రలు రెండూ ఎత్తడం, ఒళ్లంతా వాటి మీద వాల్చి పొడవడం, జారడం. మళ్లీ ఎత్తడం. మొదట్లో చిన్నపిల్లలంతా నన్ను దాటేశారు. అమ్మమ్మ మీది కోపమంతా ప్రతి పోటులోనూ పెట్టాను. నూనె పోసినందుకు ఒక పోటు. నిమ్మకాయలకి ఒక పోటు. తాతయ్య పంచె ఇచ్చినందుకు కూడా ఒక పోటు, ఎందుకంటే అది గుర్తొస్తే కోపం నిలవడం లేదు. చేతులు మండుతున్నాయి, నడుం పట్టేస్తోంది, పనసచెక్క మాత్రం కాళ్ల కింద మెత్తగా సాగిపోతోంది. ఒకరిని దాటాను. ఇంకొకరిని దాటాను. సముద్రం గాలి మొహానికి కొడుతోంది. ఆనందం పట్టలేక గట్టిగా అరిచాను. పక్కన నడకకి వచ్చిన పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

మూడొంతుల దారి అయింది. అలవాటుగా మోకాలి నొప్పి కోసం ఎదురుచూశాను. రాలేదు. ఇంకా కొంత పోయాను. రాలేదు. అప్పుడు వెలిగింది. తన్నడం లేదు కదా, మోకాలికి ఇవాళ పనే లేదు! కాళ్లు ఊరికే నిలబడి వస్తున్నాయి. ఎన్ని నెలలుగానో నన్ను ఓడిస్తున్న చివరి వంతు దారిలో, మొదటిసారి నా మోకాలు పెళ్లికొచ్చిన చుట్టంలా హాయిగా ఉంది. ఇక చూసుకోండి! చేతులు ఊడితే ఊడనీ అని పొడిచాను.

గీత దాటి రోడ్డు మీదే వెల్లకిలా పడ్డాను. మావ గడియారం తెచ్చి నా ముక్కుకి ఆనించేయడంతో అంకెలు కనిపించలేదు. పేర్లు చదివినప్పుడు నాది ఉంది. మావ అవతలికి తిరిగి, పొందూరు పంచెతో మొహం తుడుచుకున్నాడు. ఈసారి గాలి ఎదురని అనలేదు.

అమ్మమ్మకి ఫోను చేశాను. ఏం అనాలో పొద్దున్న మొదటి తన్ను నుంచే మనసులో తయారుచేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తురాలేదు.

"ఏటే గుంటా, సక్రాలు తిరిగాయా?"

"తిరిగాయి అమ్మమ్మా. రెండు పక్కలా తిరిగాయి."

"తిరగవేటి మరి! నూనె ఎట్టింది నానే కదా. మోకాలెలగున్నాది?"

"పొంగలేదు. అస్సలు పొంగలేదు. మంచుకి వెళ్తున్నాను అమ్మమ్మా."

అవతల అమ్మమ్మ ముక్కు చీదుకుంది. తరవాత, అక్కడికెళ్లే ముందు ఇంకా బాగా నూనె పట్టిస్తానని, సీసా కూడా వెంట ఇస్తానని అంది. ఇటుపక్క మావ కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. నేనాయన చేతులు కిందికి దించాను. మంచు స్కీలకి చక్రాలుండవు. తప్పకుండా పట్టించు అమ్మమ్మా అన్నాను.